సీడ్ సైక్లింగ్ కిట్: గింజలకు మంచి మార్కులు, చార్టుకు సున్నా

నెలసరి హార్మోన్లను తిండితోనే దారిలో పెడతామనే సీడ్ సైక్లింగ్ కిట్లు ఏ కంపెనీవైనా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. రెండు ప్యాకెట్లు, ఒక కొలత చెంచా, మడతపెట్టిన ఒక చార్టు. మొదటి ప్యాకెట్‌లో అవిసె, గుమ్మడి గింజలు. రెండోదాంట్లో నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. నెలసరి మొదలైన రోజు నుంచి 14వ రోజు దాకా మొదటిది, 15 నుంచి 28 దాకా రెండోది తినాలి. రోజుకు ఒక్కో రకం ఒక్కో టేబుల్ స్పూన్. మొదటి జత ఈస్ట్రోజెన్‌ను, రెండో జత ప్రొజెస్టెరాన్‌ను చూసుకుంటుందని చార్టులో రాసి ఉంటుంది. లోపలున్న సరుకు మంచిదే. ప్యాకెట్ మార్చమనే చార్టుకే గట్టి ఆధారం లేదు. మామూలు గింజల్ని ప్రత్యేకమైన కిట్‌గా అమ్మిపెట్టేది మాత్రం ఆ చార్టే.

ముందు సరుకు సంగతి. కిట్లలో పొడి కొట్టి ఇచ్చేవి, గింజలుగానే ఇచ్చేవి అని రెండు రకాలున్నాయి. పొడి వాడుకోవడం తేలిక, పాడవడం అంతకన్నా తేలిక. అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3, ఉంటుంది. దానికి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. తొక్క పగలనంత కాలం నూనె లోపల భద్రంగా ఉంటుంది. పొడి కొట్టాక ఆ కాపలా పోతుంది. అందుకే ప్యాకెట్ విప్పగానే మొదట వాసన చూడాలి. తాజా పొడిది తేలికైన, కమ్మటి గింజ వాసన. పెయింటు డబ్బా మూత తీసినట్టు ఘాటుగా కొడితే నూనె చెడినట్టే (రంగుల్లో కలిపే లిన్సీడ్ నూనె ఈ గింజదే మరి). అనుమానంగా ఉంటే చిటికెడు నాలుక మీద వేసుకోండి. చేదు తగిలి గొంతులో గీరితే మిగతాది పారేయడమే. లేబుల్ మీద ఎక్స్‌పైరీ కన్నా పొడి కొట్టిన తేదీ ముఖ్యం. ఆ తేదీ వేయని కిట్‌ను, లోపలి పొడి కనబడే పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో వచ్చే కిట్‌ను తీసుకోకపోవడమే మేలు.

గింజల కిట్‌కే మా ఓటు, కాకపోతే కొంచెం పని ఉంటుంది. అవిసె గింజను నమలకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది, కాబట్టి పొడి కొట్టక తప్పదు. జార్ పూర్తిగా పొడిగా ఉండాలి. మిక్సీని ఒక్కసారిగా తిప్పెయ్యకుండా కొద్ది సెకన్లు తిప్పి ఆపుతూ కొట్టాలి. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి నూనె బయటికొచ్చి పొడి ఉండ కడుతుంది. రెండో జతతో ఈ బెడద ఇంకా ఎక్కువ. నువ్వుల్లో, పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం బరువు నూనే కాబట్టి అవి చూస్తుండగానే ముద్దవుతాయి. వారానికి సరిపడా మాత్రమే కొట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచాలి. తడి చెంచా పెట్టకూడదు.

కొలత దగ్గర చార్టులు తప్పటడుగు వేస్తాయి. ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజలు సుమారు 10 గ్రాములు, అదే స్పూన్ పొడి సుమారు 7 గ్రాములు. ఏది కొలవాలో చెప్పకుండా ‘ఒక స్పూన్’ అంటే దాదాపు మూడో వంతు తేడా వస్తుంది. ఆ 7 గ్రాముల్లోనే 1.6 గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, 2 గ్రాముల దాకా పీచు అందుతాయి. స్త్రీలకు రోజుకు ఈ ఆమ్లం 1.1 గ్రాములు చాలు కాబట్టి ఇది గట్టి లెక్కే. గుమ్మడి గింజల జింక్ గురించి మాత్రం చార్టు గొప్పలు పోతుంది. పది గ్రాముల గింజల్లో జింక్ ముప్పాతిక మిల్లీగ్రాము. స్త్రీలకు రోజుకు కావాల్సింది 8. మెగ్నీషియం నయం, 50 మిల్లీగ్రాముల పైన వస్తుంది. అన్నే పొద్దుతిరుగుడు గింజల్లో సుమారు 3 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉంటుంది, అంటే రోజు అవసరంలో ఐదో వంతు. ఇవన్నీ మంచి పోషకాలే, అయితే హార్మోన్ల మీటను అటూ ఇటూ తిప్పే మోతాదులు కావు.

ఇక అసలు వాదన. అవిసెలోని లిగ్నాన్లు అనే మొక్కల పదార్థాలను పేగుల్లోని బ్యాక్టీరియా ఎంటెరోలాక్టోన్, ఎంటెరోడయోల్ అనే పదార్థాలుగా మారుస్తుంది. ఇవి కణాల్లో ఈస్ట్రోజెన్ అతుక్కునే గ్రాహకాల మీద చాలా బలహీనంగా పనిచేస్తాయి. ఎంత తయారవుతుందన్నది ఎవరి పేగుల్ని బట్టి వాళ్లకు మారుతుంది. యాంటీబయాటిక్ కోర్సు వాడితే బాగా పడిపోతుంది కూడా. ఇంతవరకు చార్టు చెప్పేదీ శాస్త్రం చెప్పేదీ ఒకటే. అయితే ‘ప్రొజెస్టెరాన్ జత’లోని నువ్వుల్లోనూ లిగ్నాన్లున్నాయి, వాటి నుంచీ అదే ఎంటెరోలాక్టోన్ వస్తుంది. మరి మొదటి సగానికీ రెండో సగానికీ తేడా ఎక్కడ? అమ్మేవాళ్లు ఆసరాగా చూపేది 1993లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. 18 మంది స్త్రీలు రోజుకు 10 గ్రాముల అవిసె పొడి తిన్నప్పుడు, అండం విడుదలైన తర్వాతి దశ సగటున ఒక రోజుకు పైగా పెరిగింది. వాళ్లు అవిసె తిన్నది సగం నెల కాదు, నెలసరి చక్రం పొడవునా. ఆ ఫలితం మీద నమ్మకం ఉన్నవాళ్లు 15వ రోజున అవిసె ఆపమని చెప్పడమే విడ్డూరం.

క్యాలెండర్‌ది మరో తంటా. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల చక్రం మామూలే. చక్రం పొడవు మారేది ప్రధానంగా మొదటి సగంలో; అండం విడుదలైన తర్వాతి సగం దాదాపు రెండు వారాలే ఉంటుంది. 35 రోజులకొకసారి నెలసరి వచ్చేవారికి అండం 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. 15వ రోజున రెండో ప్యాకెట్ విప్పితే ఆమె ఇంకా మొదటి దశలోనే ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో సాధారణంగా అండమే విడుదల కాదు, వాళ్లకు ఈ లెక్క అసలు పొసగదు. నెలసరి రానివాళ్లు చంద్రుణ్ని చూసి ప్యాకెట్ మార్చుకోవాలని కొన్ని చార్టులు సలహా ఇస్తాయి. దాని గురించి చర్చ అనవసరం.

వాడదలిస్తే నాలుగు రకాలూ రోజూ, ఒక్కోటి అర టేబుల్ స్పూన్ చొప్పున, నెలంతా కలిపి తినండి. మొదటి వారం అందులో సగంతో మొదలుపెట్టండి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపుబ్బరం ఖాయం. పొడితో పాటు పెద్ద గ్లాసు నీళ్లు తాగాలి, అవిసె జిగురు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. నీళ్లు తగ్గితే మలబద్ధకం పోవడానికి తిన్నదే మలబద్ధకం తెస్తుంది. పెరుగులో, ఉడికించిన ఓట్స్‌లో దించాక కలుపుకోవచ్చు. థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే ఈ పొడి జోలికి వెళ్లాలి, పీచు ఆ మందును సరిగా ఒంటపట్టనివ్వదు. నువ్వుల అలెర్జీ ప్రమాదకరంగా మారగలదు, కాబట్టి అది ఉన్నవారికి ఈ కిట్ వద్దు. గర్భిణులు, రక్తం పల్చబడే మందులు వాడేవారు, పేగు ఇరుకైనవారు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకూడదు.

చార్టు దాటేసే సంగతి ఇంకొకటుంది. ప్రొజెస్టెరాన్ ప్రధానంగా తయారయ్యేది అండం విడుదలైన చోట మిగిలే కార్పస్ ల్యూటియం అనే చిన్న గ్రంథిలో. అండమే విడుదల కాకపోతే నువ్వులు ఎన్ని తిన్నా అది రాదు. తిండి బాగా తగ్గించి, వ్యాయామం పెంచినవారిలో మెదడే ఆ ప్రక్రియను ఆపేస్తుంది. అక్కడ మందు కడుపునిండా తినడమే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉండి బరువు ఎక్కువున్నవారిలో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి చక్రం కుదుటపడుతుంది. మూడు నెలలు నెలసరి రాకపోయినా, గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తస్రావం అవుతున్నా ముందు డాక్టర్, ఆ తర్వాతే గింజలు.

కొన్ని కిట్లలో కానుకగా ‘హార్మోన్, హెయిర్’ గమ్మీల (నమిలి తినే విటమిన్ బిళ్లల) సీసా పెడుతున్నారు. లేబుల్ మీద బయోటిన్ అనే బి విటమిన్ ఎంతుందో చూడండి. రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములు, గమ్మీల్లో 5,000 ఉండటం మామూలే. అంత మోతాదు కొన్ని ల్యాబ్ పద్ధతులను తికమకపెట్టి, థైరాయిడ్ పరీక్షలో కొలిచే టీఎస్‌హెచ్, టీ4 హార్మోన్లలో మొదటిదాన్ని తక్కువగా, రెండోదాన్ని ఎక్కువగా చూపిస్తుంది, లేని థైరాయిడ్ జబ్బు రిపోర్టులో కనిపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, రక్తం తీసేవారికి గమ్మీల సంగతి చెప్పండి.