కరెంటు బిల్లు చూపిస్తూ తీసిన వీడియోలు: ఏడాదిన్నర వాడాక

గుంటూరులో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పని మాది. 2024 ఫిబ్రవరిలో, ఇంటి మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు, అమ్మేవాళ్లూ పెరిగారు. ఒక్కో ఇంటికి నాలుగైదు కొటేషన్ పీడీఎఫ్‌లు వెళ్తాయి, ఏదీ పూర్తిగా చదవరు. అందుకే ఆ ఆగస్టు నుంచి లూమ్ అనే స్క్రీన్ రికార్డింగ్ యాప్‌తో ఎవరి వీడియో వాళ్లకి విడిగా తీసి, లింకు పంపుతున్నాను. స్క్రీనూ, మూలన గుండ్రంగా నా ముఖమూ కలిసి రికార్డవుతాయి. మొదట ఉచిత ఖాతా తీసుకున్నాను: 25 వీడియోలు, ఒక్కోటి 5 నిమిషాల లోపు. నెల తిరక్కుండానే అయిపోయాయి, డబ్బు కట్టేశాను.

మొదట్లో "నమస్కారం ఫలానా గారూ" అని పేరు మార్చి, మిగతాదంతా మా కంపెనీ గొప్పలే చెప్పేవాణ్ణి. ఒక్కరూ బదులివ్వలేదు. పేరు పిలిచినంత మాత్రాన అది వాళ్ల వీడియో అయిపోదు. ఇప్పుడు నేరుగా వాళ్ల బిల్లుతోనే మొదలుపెడతాను. "అమ్మా, మే నెలలో 412 యూనిట్లు కాలాయి, ఇదిగో ఇక్కడ" అని బాణం గుర్తు ఆ అంకె మీదే ఆపుతాను. తర్వాత వాళ్ల డాబా ఫొటో. మూడు కిలోవాట్లు పెడితే మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి, సబ్సిడీ 78,000 రూపాయలు. రెండు నిమిషాల్లో ముగిస్తాను.

ఒక రిటైర్డ్ టీచరమ్మ గారి డాబా మీద మధ్యాహ్నం మూడయ్యేసరికి వాటర్ ట్యాంకు నీడ పడమటి నుంచి సగం దాకా వచ్చేస్తుంది. ఫొటో మీద ఆ నీడ గీసి చూపించి, ప్యానెళ్లు ఇటు జరపాలని చెప్పాను. పగలంతా ఎవరూ చూడలేదు. రాత్రి 1.40కి ఎవరో చూసినట్టు లూమ్ నుంచి కబురొచ్చింది, కాసేపటికి మళ్లీ. పొద్దున్నే ఆవిడ ఫోన్: "మా అబ్బాయికి పంపాను నాయనా, డల్లాస్‌లో ఉంటాడు. ట్యాంకు నీడ సంగతి మిగతావాళ్లెవరూ చెప్పలేదన్నాడు." మా దగ్గర చాలా ఇళ్లలో డబ్బు నిర్ణయం అవతలి దేశంలో జరుగుతుంది. ఫోన్లో చెప్పిన మాట అక్కడికి సగమే చేరుతుంది, వీడియో మొత్తం చేరుతుంది. నాకు దీంతో కలిగిన అసలు మేలు ఇదే.

ఇబ్బందులూ ఉన్నాయి. తెలియని లింకు నొక్కితే ఖాతా ఖాళీ అవుతుందని పెద్దవాళ్ల భయం, అందులో తప్పేమీ లేదు. అందుకే ముందు ఫోన్ చేసి చెప్తాను. అయినా వద్దంటే వీడియో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో నేరుగా పెడతాను. అప్పుడు చూశారో లేదో తెలియదు, సర్దుకుపోవాల్సిందే. ఒక్కోదానికి తయారీతో కలిపి పావుగంట పడుతుంది కాబట్టి బిల్లు పంపి అడిగినవాళ్లకే తీస్తాను.

ఒకసారి మాత్రం పెద్ద తప్పు చేశాను. ఒకరి వీడియో పక్క వీధి వాళ్లకి వెళ్లిపోయింది, బిల్లు మీద పేరూ సర్వీసు నంబరూ కనిపిస్తూనే. రెండిళ్లకూ వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. అప్పట్నుంచి బిల్లు పైభాగం కత్తిరించకుండా రికార్డు నొక్కను.

ఈమధ్య నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునీ, ప్యానెళ్ల నుంచి బయటికి పంపిన కరెంటునీ లెక్కించేది) పెట్టాక వచ్చిన మొదటి బిల్లునీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి ఇంకో వీడియో పంపుతున్నాను. టీచరమ్మ గారు తనకొచ్చినది పైఅంతస్తు వాళ్లకి చూపించారట. నిన్న వాళ్లూ తమ బిల్లు నాకు పంపారు.