ముస్తాబు చేసిన పాత హోల్డెన్ కొంటున్నారా? డిపాజిట్ కట్టేముందు జాగ్రత్త

మెల్‌బోర్న్ శివార్లలో పాత ఆస్ట్రేలియన్ కార్లు అమ్మే ఒక షోరూములో నాకు ఎదురైన అనుభవం ఇది. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. పైగా ఈ తరహా అమ్మకం ఆ ఒక్క చోటికే పరిమితమని నేను అనుకోవడం లేదు. పాత హోల్డెన్, ఫోర్డ్, వాలియంట్ కార్ల మీద మనసు పారేసుకుని డబ్బు కూడబెడుతున్నవాళ్లు, ముఖ్యంగా "అన్నీ చేయించేశాం, ఇక నడుపుకోవడమే" అనే ప్రకటన చూడగానే ఫోన్ చేసేవాళ్లు కాస్త ఓపిక చేసుకుని చదవండి.

కారు 1973 నాటి హెచ్‌క్యూ కింగ్స్‌వుడ్ సెడాన్. 1971లో మొదలైన హెచ్‌క్యూ వరుసలో నాలుగు లక్షల ఎనభై వేలకు పైగా కార్లు తయారయ్యాయి. హోల్డెన్ చరిత్రలో అంతగా అమ్ముడైనది మరొకటి లేదు. అందుకే ఇవి ఇప్పటికీ దొరుకుతాయి, విడిభాగాలకూ కొరత లేదు. హోల్డెన్ వేగపు కారు మొనారో జిటిఎస్‌లో నాలుగు తలుపుల రకం 1973లో నిజంగానే వచ్చింది. అందువల్ల మామూలు కింగ్స్‌వుడ్‌ను దానిలా అలంకరించడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న సరదా. నేను చూసిన కారునూ అలాగే తయారు చేశారు: నారింజ రంగు, నల్ల చారలు, పైకప్పుకు నల్లటి వినైల్, 20 అంగుళాల రిమ్ములు, నేలకు బాగా దించిన బాడీ, బానెట్ కింద తర్వాతి తరం హోల్డెన్ కారు కమడోర్ నుంచి తీసిన 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 వి8 ఇంజన్. అసలు జిటిఎస్ కాదనీ, దాన్ని తలపించేలా చేయించిందనీ ప్రకటనలోనే రాశారు. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా ప్రకటన చివర ఉన్న ఒక్క వాక్యం మీద: "మార్పులన్నిటికీ ఇంజినీర్ సర్టిఫికెట్ ఉంది."

సర్టిఫికెట్ చూపించమంటే మొదటి పేజీ ఫోటో పంపారు. కారు నంబరు, ఇంజినీరు సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. మిగతా పేజీలు ఓనరు దగ్గర ఉన్నాయన్నారు, ఈలోగా ఇంకొకరు కొనడానికి వస్తున్నారన్నారు. తనిఖీలో తేడా వస్తే పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న షరతుతో డిపాజిట్ కట్టాను. ఆ షరతుకు వాళ్లు ఒప్పుకున్న మెసేజ్ నా ఫోనులో భద్రంగా ఉంది. ఆ తర్వాత మిగతా పేజీలు వచ్చాయి. అందులో వర్ణించిన ఇంజన్ 308, అంటే కార్బురేటర్ ఉన్న 5.0 లీటర్ల హోల్డెన్ వి8. చక్రాలు 15 అంగుళాలవి. బాడీ దించిన సంగతి ఎక్కడా లేదు. సర్టిఫికెట్ నకిలీది కాదు, అసలైనదే. కాకపోతే అది ఈ కారుకు సంబంధించి ఎప్పుడో గడిచిపోయిన రూపానిది. ఆ తర్వాత ఇంజన్ మార్చారు, రిమ్ములు మార్చారు, స్ప్రింగులు కోశారు. వీటిలో ఒక్కదానికీ కాగితం లేదు.

కొత్తగా ఈ మోజులో పడ్డవాళ్లకు దీని తీవ్రత వెంటనే అర్థం కాకపోవచ్చు. ఇక్కడ కారుకు పెద్ద మార్పులు చేస్తే విఎస్‌బి 14 అనే జాతీయ నియమావళి ప్రకారం చేయాలి. విక్టోరియాలో వాస్ పథకం కింద గుర్తింపు ఉన్న ఇంజినీరు పరీక్షించి ఆమోదపత్రం ఇవ్వాలి. కారు కింద కనీసం 100 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బాడీ ఎంత దించినా సస్పెన్షన్ కదలికలో మూడో వంతుకు మించి తగ్గకూడదు. ఇంజన్ బలం పెరిగితే బ్రేకులు దానికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూస్తారు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. న్యూ సౌత్ వేల్స్ సర్టిఫికెట్ చూపించినంత మాత్రాన విక్టోరియాలో రిజిస్ట్రేషన్ వచ్చేస్తుందని అనుకోకూడదు. నాకు చూపించినది న్యూ సౌత్ వేల్స్‌దే.

సొంతంగా ఒక మెకానిక్‌ను తీసుకెళ్లి కారును పైకెత్తే హాయిస్టు మీదకు ఎక్కించాం. ఆయన జేబులోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసి వెనక మడ్‌గార్డు మీద పైనుంచి కిందకు జరుపుతూ వచ్చారు. నడుము గీత దగ్గర గట్టిగా పట్టుకుంది. చక్రం అంచుకు జానెడు దూరంలో పట్టు సడలింది. అంచు దగ్గర జారి నేల మీద పడింది. అక్కడ రేకు లేదు, పుట్టీయే ఉంది. తర్వాత వెనక అద్దం కింద వినైల్ అంచును వేలితో నొక్కారు. లోపల కరకరమంది. వినైల్ కింద చేరిన నీరు ఎటూ పోలేక ఏళ్ల తరబడి రేకును తినేస్తుందని హెచ్‌క్యూలు చూసినవాళ్లందరికీ తెలుసు. పైకప్పు వెనక అంచు, అద్దం చుట్టూ ఉన్న చట్రం, డిక్కీ నేల, గడప పట్టీలు, డాష్‌బోర్డు ముందు నీరు నిలిచే గూడు ఈ కార్లలో మొదట తుప్పు పట్టే చోట్లు. ఈ కారు పైన పటారం, లోన లొటారం. పైగా ఆ పటారానికే ధరలో సగం.

డిపాజిట్ వెనక్కి అడిగితే, "కారు మాది కాదు, ఓనరు తరఫున కన్‌సైన్‌మెంట్ మీద అమ్ముతున్నాం, డబ్బు ఆయనకు వెళ్లిపోయింది" అన్నారు. పాత కార్ల వ్యాపారంలో ఈ పద్ధతి మామూలే. షోరూములో మెరిసే దీపాల కింద నిలబెట్టిన కారు నిజానికి ఒక ప్రైవేటు వ్యక్తిది కావచ్చు. విక్టోరియాలో డీలరు దగ్గర కారు కొంటే ఆలోచించుకోవడానికి మూడు పనిదినాల గడువు ఉంటుంది, కారు తీసుకెళ్లిపోతే ఆ గడువు ముగిసినట్టే. ప్రైవేటు అమ్మకంలో ఆ గడువు ఉండదు. కాబట్టి ముందుగా అడగాల్సింది ధర కాదు, ఒప్పందంలో అమ్మకందారుగా ఎవరి పేరు ఉంటుందని. డీలరు చట్టబద్ధంగా ఇవ్వాల్సిన వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. అది పదేళ్ల లోపు కార్లకే వర్తిస్తుంది.

ఈ దెబ్బ తర్వాత నాకొక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. ఇక్కడి అభిమానుల్లో అభిరుచిని బట్టి వర్గాలున్నాయి, ప్రతి వర్గం ఇష్టపడే అలంకారమూ ఒక్కో రకం లోపాన్ని దాచగలదు. నాలాంటివాళ్లకు నచ్చేది పాత బాడీలో కొత్త యంత్రం. అక్కడ దాగేవి కాగితాలు లేని ఇంజన్లు, పెరిగిన బలానికి సరిపోని బ్రేకులు. తుప్పు మచ్చలనే అందంగా భావించేవాళ్లున్నారు. వాళ్ల కార్ల మీద మెరుపులేని పారదర్శక పూత పూసి "పటీనా" అంటారు. ఉప్పునీళ్లు, వెనిగరు కొట్టి తెప్పించిన పటీనాలూ ఉన్నాయి. కిందనున్న రేకు గట్టిదా, పుచ్చిపోయిందా అన్నది ఆ పూత చెప్పదు. కాన్‌బెరాలో 1988 నుంచి జరుగుతున్న కార్ల పండగ సమర్‌నాట్స్ చూసి బర్నౌట్ల మీద, అంటే టైర్లను ఉన్నచోటే తిప్పి పొగ లేపే ఆట మీద మోజు పెంచుకున్నవాళ్లకు నా మనవి: బానెట్ చీల్చుకుని సూపర్‌చార్జరు పైకి నిలబడిన కారు ఎంత ముచ్చటగా ఉన్నా, పొగలో బతికిన కారుకు వెనక ఇరుసు, దాని బిగింపులు, నేల రేకు అతుకులు విప్పి చూడాల్సిందే. పక్కన బొమ్మలు వేసి, లోపల పరుపులు పరిచిన ప్యానెల్ వ్యాన్ల సంగతి వేరు. 1974లో వచ్చిన హోల్డెన్ ప్రత్యేక వ్యాన్ శాండ్‌మన్ పేరు చెప్పి మామూలు వ్యాన్‌కు స్టిక్కర్లు వేసి అమ్మడం తేలిక. అందుకే బాడీ ప్లేటు మీది కోడ్ చదవడం తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది మాత్రం, ఏ మార్పూ వద్దు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనేవాళ్లకు. 1971 ఫాల్కన్ జిటిహెచ్‌ఓ ఫేజ్ త్రీ కార్లు ఫోర్డు చేసినవి 300. రేసు డ్రైవరు అలన్ మోఫట్ ఆ ఏడాది బాతర్స్ట్ రేసులో దానితోనే గెలిచాడు. తర్వాతి కాలంలో వాటిలో ఒకటి పది లక్షల డాలర్లు దాటి అమ్ముడైంది. ధర ఆ స్థాయికి చేరాక అదే ఎక్స్‌వై వరుసలోని మామూలు ఫాల్కన్‌కు షేకర్ స్కూపు (బానెట్ పైకి పొడుచుకొచ్చే గాలి గొట్టం) తగిలించి, చారలు గీసి, ఇంజన్ బ్లాకు మీద నంబర్లు కొత్తగా కొట్టేవాళ్లు పుట్టుకురావడంలో వింతేముంది? బ్రాడ్‌మెడోస్‌లో ఫోర్డు 2016 అక్టోబరులో, ఎలిజబెత్‌లో హోల్డెన్ 2017 అక్టోబరు 20న తయారీ ఆపేశాయి. ఇక కొత్తవి రావన్న మాటే ధరలను ఎగదోస్తోంది. ఆ తొందరలోనే మనం దొరికిపోతాం.

పనిలో పని, "క్లబ్ పర్మిట్ మీద ఉంది, అన్నీ సక్రమమే" అన్న మాటనూ నమ్మకండి. 25 ఏళ్లు దాటిన కార్లకు ఏడాదికి 45 లేదా 90 రోజులు నడుపుకోవడానికి విక్టోరియా ఇచ్చే అనుమతి అది. ఓనరు మారితే మీ పేరుకు బదిలీ కాదు, మీరు మళ్లీ మొదటినుంచి తీసుకోవాలి. అప్పుడు మార్పుల కాగితాలు అడుగుతారు. రోడ్‌వర్దీ సర్టిఫికెట్ ఉందంటే కారు దృఢంగా ఉందని అర్థం కాదు. అది భద్రతకు సంబంధించిన కనీస పరీక్ష మాత్రమే. చెప్పని మార్పులుంటే బీమా కంపెనీ క్లెయిమ్ నిరాకరించవచ్చు. కారు మీద అప్పు ఉందో, దొంగిలించినదో తెలుసుకోవడానికి పిపిఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టరులో రెండు డాలర్లతో వెతకవచ్చు. దానికి బద్ధకించకండి. సర్టిఫికెట్ అన్ని పేజీలూ అడగండి. అందులోని ఇంజన్ నంబరును బ్లాకు మీది నంబరుతో మీ కళ్లతో పోల్చుకోండి. చక్రాల కొలత, బ్రేకుల వివరం, బాడీ ఎత్తు అందులో ఉన్నాయో లేదో చూడండి. పేజీలు ఇవ్వడానికి జంకితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇంకొకరు కొనేస్తారన్న బెదిరింపు పని చేయనివ్వకండి.

నేను వినియోగదారుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ కన్‌స్యూమర్ అఫైర్స్ విక్టోరియాకు ఫిర్యాదు చేశాను. మెసేజ్‌లు, తనిఖీ నివేదిక, సర్టిఫికెట్ మొదటి పేజీ, తర్వాత వచ్చిన మిగతా పేజీలు జతచేశాను. ఈలోగా అదే నారింజ హెచ్‌క్యూ మళ్లీ ప్రకటనలోకి వచ్చింది. ధర కొంచెం తగ్గించారు, సర్టిఫికెట్ గురించిన వాక్యం మాత్రం అక్షరం మారలేదు. నల్ల వినైల్, ఎల్‌ఎస్ ఇంజన్ ఉన్న కింగ్స్‌వుడ్ ఎవరికైనా చూపిస్తుంటే నాకు మెసేజ్ పెట్టండి, మెకానిక్ నివేదిక పంపిస్తాను.