మోచేతి స్కాన్‌కి హాకీ స్టిక్ ప్రోబ్ కొనొచ్చా?

జీఈ ఎల్8-18ఐ, ఫిలిప్స్ ఎల్15-7ఐఓ వంటి హాకీ స్టిక్ ఆకారపు వంకర తల అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లు (ఒంటికి ఆనించి స్కాన్ చేసే భాగాలు) నిజానికి ఆపరేషన్ థియేటర్ కోసం పుట్టినవి. చర్మానికి ఆనే భాగం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. ఫ్రీక్వెన్సీ ఎక్కువ కాబట్టి పైపై పొరలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి, లోతుకి పోయేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. వేళ్లకీ కీళ్లకీ కొన్నవాళ్లు మోచేతికీ దీన్నే వాడేస్తుంటారు. మోచేతికి ఇది రెండో ప్రోబ్‌గా పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. ఉన్న ఒక్క ప్రోబూ ఇదే అయితే మాత్రం ఇబ్బందే.

దీని అసలు బలం మోచేతి లోపలి వైపు, చిటికెన వేలికి పోయే అల్నార్ నరం దగ్గర తెలుస్తుంది. పేషెంటుని వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకి చాపించి, ప్రోబ్ ఒక చివర మీడియల్ ఎపికాండైల్ (మోచేతి లోపలి వైపు ఎముక బొడిపె) మీద, రెండో చివర ఒలెక్రానాన్ (మోచేతి వెనక ఎముక మొన) మీద ఉండేలా అడ్డంగా పెట్టాలి. తర్వాత మోచేతిని నెమ్మదిగా పూర్తిగా మడిపించి, నరం ఎపికాండైల్ మీదుగా జారుతుందేమో చూడాలి. వెడల్పు ప్రోబ్‌తో ఇదే పని చేస్తే, మడిచేకొద్దీ ఒక అంచు చర్మం నుంచి లేచిపోతుంది. దాన్ని ఆనించడానికి స్కాన్ చేసేవాళ్ల చెయ్యి నొక్కుతుంది, ఆ నొక్కుడుకి జారాల్సిన నరం జారకుండా ఆగిపోతుంది. రిపోర్టులో ‘నరం స్థానంలోనే ఉంది’ అని పడుతుంది. చిన్న తల రెండు ఎముకల మధ్యే ఇమిడి ఉంటుంది కాబట్టి ఈ తప్పు తగ్గుతుంది. అయినా జెల్ మందంగా వేయాల్సిందే. నరం ఎపికాండైల్ దాటాక కూడా మడతని ఆపకూడదు. ఆ తర్వాత రెండోసారి టక్కుమంటే అది ట్రైసెప్స్ (చేతి వెనక కండ) లోపలి భాగం జారడం. అది గమనించకుండా నరాన్ని మాత్రమే సర్జరీతో ముందుకి మార్చినా ఆ టక్కు పోదు. ఏ బాధా లేనివాళ్లలో కూడా నరం జారుతుంది కాబట్టి, కనిపించిన ప్రతి జారుడునీ జబ్బు అనకూడదు.

నరం అడ్డకోత వైశాల్యం కొలిచేటప్పుడు దాని తెల్లటి అంచుకి లోపలి గీత మీదే గీయాలి. 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే నరం ఉబ్బిందేమోనని అనుమానించడం వాడుక. ప్రోబ్ ఏటవాలుగా ఉంటే అంకె ఊరికే పెరుగుతుంది. కొలత ఎపికాండైల్ దగ్గరే ఆపేస్తే మన దేశంలో ఒక ముఖ్యమైన జబ్బు తప్పిపోవచ్చు. కుష్టులో అల్నార్ నరం ఎక్కువగా ఉబ్బేది ఎపికాండైల్‌కి కొన్ని సెంటీమీటర్ల పైన. ఈ ప్రోబ్ చూపించే కిటికీ చిన్నది, కాబట్టి అడ్డకోతలోనే భుజం వైపు మెల్లగా జరుపుకుంటూ పోవాలి.

బయటి వైపు, అంటే టెన్నిస్ ఎల్బోలో, లాభనష్టాలు రెండూ ఉన్నాయి. టెండన్ (కండని ఎముకకి అతికించే తాడు) లోపలి సన్నని చీలికలు చక్కగా కనిపిస్తాయి. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు సూదికి బోలెడు చోటు మిగులుతుంది. చిక్కు రక్తప్రవాహాన్ని రంగులో చూపించే డాప్లర్‌తోనే. చిన్న తల మీద చెయ్యి బరువంతా ఒక్కచోటే పడి, సన్నని రక్తనాళాలు నలిగి రంగు మాయమవుతుంది. చిటికెన వేలుని పేషెంటు చేతి మీద ఆనించి, ప్రోబ్‌ని జెల్ మీద తేలనివ్వండి. పీఆర్ఎఫ్ (సెకనుకి పంపే తరంగాల సంఖ్య), వాల్ ఫిల్టర్ (నెమ్మది ప్రవాహాన్ని తీసేసే వడపోత) తగ్గించండి. టెండన్‌ని బిగదీసి ఉంచే భంగిమలో కూడా రంగు పోతుందని గుర్తుంచుకోండి.

ముందు వైపు, బైసెప్స్ (చేతి ముందు కండ) టెండన్ ముంజేతిలోని రేడియస్ ఎముకకి అతుక్కునే చోట, ఈ ప్రోబ్ చేతులెత్తేస్తుంది. అక్కడ టెండన్ లోతుకి ఏటవాలుగా దిగుతుంది. శబ్దతరంగం నిటారుగా తగలక టెండన్ నల్లగా కనిపిస్తుంది, తెగిందేమోనన్న భ్రమ కలుగుతుంది. ప్రోబ్‌ని ఒక చివర నొక్కి వంచితే వెడల్పు లీనియర్ (చదును తల) ప్రోబ్‌లో సర్దుకుంటుంది గానీ, ఈ పొట్టి తలకి ఆ వీలు తక్కువ. కండ పట్టిన చేతుల్లో అసలు అందదు. ఇక్కడ మామూలు 12 మెగాహెర్ట్జ్ లీనియరే తీసుకోండి. మోచేతిని 90 డిగ్రీలు మడిచి, అరచేతిని పైకి తిప్పించి, లోపలి వైపు నుంచి చూస్తే టెండన్ బాగా తెల్లగా వస్తుంది. ముంజేతిని అటూ ఇటూ తిప్పుతూ అది కదులుతోందో లేదో కూడా చూడాలి.

వెనక వైపు ఏ ప్రోబ్ అయినా సరిపోతుంది. ఒలెక్రానాన్ బర్సాని (ఆ ఎముక మీది నీటి తిత్తిని) మాత్రం నొక్కకండి, నీరు పక్కకి పోతుంది.

కొనేముందు ప్రోబ్‌ని యంత్రానికి తగిలించే కనెక్టర్ చూసుకోండి. జీఈ ప్రోబ్ పేరు చివర ఆర్ఎస్, డీ అని ఉండేది అందుకే, ఒకటి రెండోదాని యంత్రానికి పట్టదు. కండరాల, కీళ్ల ప్రీసెట్ (ముందే పెట్టిన సెట్టింగులు) ఉందో లేదో అడగండి. లేకపోతే యంత్రం వాడకం నేర్పే కంపెనీ అప్లికేషన్ మనిషితోనే చేయించుకోండి: లోతు 2 సెంటీమీటర్లు, కాంపౌండ్ (వేర్వేరు కోణాల బొమ్మల్ని కలిపేది) ఆన్, కదలిక పరీక్షలకి ఫ్రేమ్ యావరేజ్ (వరుస బొమ్మల్ని కలిపేది) బాగా తక్కువ. సెకండ్ హ్యాండ్ అయితే జెల్ లేకుండా గాలిలో ఉంచి స్క్రీన్ చూడండి. పైనుంచి కిందికి నల్లటి చార ఉంటే అక్కడి క్రిస్టల్స్ (తరంగాలు పుట్టించే ముక్కలు) పోయినట్టు. అనుమానంగా ఉంటే పేపర్ క్లిప్ అంచుని తల మీద మెల్లగా జరపండి, చచ్చిన చోట దాని గీత మాయమవుతుంది. తుడవడానికి చేతికందిన స్పిరిట్ వాడొద్దు. లెన్స్ రబ్బరు ఉబ్బి ఊడే ప్రమాదం ఉంది, కంపెనీ ఒప్పుకున్న ద్రావణాల జాబితా చూసే వాడండి.