‘బాటిల్ రాకెట్’ షార్ట్ ఫిలిం: దొంగతనం చేతకాని కుర్రాళ్ళ 13 నిమిషాలు

అమెరికన్ డైరెక్టర్ వెస్ ఆండర్సన్ అనగానే అందరికీ ‘ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’, ఆ గులాబీ రంగులు, ఫ్రేము మధ్యలో కొలిచి నిలబెట్టినట్టుండే మనుషులు గుర్తొస్తారు. రాజస్థాన్‌లో తీసిన ‘ది డార్జిలింగ్ లిమిటెడ్’ కూడా మనలో చాలామంది చూసే ఉంటారు. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. ఇంకా ఎవరికీ పేరు తెలియని రోజుల్లో, 1992లో, ఆయన స్నేహితుల్ని పోగేసుకుని డాలస్‌లో తీసిన 13 నిమిషాల బ్లాక్ అండ్ వైట్ షార్ట్ ఫిలిం గురించి. ‘బాటిల్ రాకెట్’ దాని పేరు. అదే పేరుతో 1996లో వచ్చిన పూర్తి సినిమా వేరే, అది దీన్ని పెంచి తీసింది.

డాలస్ అంటే మనకి కొత్త ఊరేం కాదు కదా, ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు అక్కడ ఉన్నారు. మా పెద్దమ్మ కొడుకు ఇర్వింగ్‌లో ఉంటాడు, మొన్న వచ్చినప్పుడు వాడి చేత క్రైటీరియన్ (మంచి సినిమాల్ని డిస్కులుగా వేసే అమెరికా కంపెనీ) వాళ్ళ బ్లూరే తెప్పించుకున్నాను. ఆ డిస్క్‌లో అసలు సినిమాతో పాటు ఈ షార్ట్ ఫిలిం కూడా ఎక్స్‌ట్రాగా ఉంటుంది. తీరా మా ఇంట్లో ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. చాలా బ్లూరే డిస్కుల్ని ఒక ప్రాంతం (రీజియన్) ప్లేయర్లలోనే ఆడేలా చేస్తారు. అమెరికా డిస్క్ రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సీ. ఈ సంగతి ముందే తెలిసుంటే ఒక సాయంత్రమంతా ఆ టెన్షన్ ఉండేది కాదు. చివరికి మద్రాసు సాలిగ్రామంలో మా బాబాయ్ ఇంటికి పట్టుకెళ్ళాను, ఆయన దగ్గర అన్ని రీజియన్లూ ఆడే పాత ప్లేయర్ ఉంది. బాబాయ్ కోడంబాక్కంలో చాలా ఏళ్ళు కెమెరా అసిస్టెంటుగా చేశాడు. మన సినిమా వాళ్ళంతా హైదరాబాద్ వెళ్ళిపోయినా ఆయన మద్రాసు వదల్లేదు. ఆయన పక్కన కూర్చుని చూడడం వల్లే నాకు ఈ ఫిలిం ఇంత బాగా ఎక్కిందని నా నమ్మకం.

కథ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. డిగ్నన్, ఆంథోనీ అని ఇద్దరు కుర్రాళ్ళు, ఖాళీగా తిరుగుతూ టీవీలో వచ్చే పోలీసు సీరియల్ గురించి చాలా సీరియస్‌గా మాట్లాడుకుంటూ ఉంటారు. డిగ్నన్‌గా ఓవెన్ విల్సన్, ఆంథోనీగా ల్యూక్ విల్సన్. నిజంగానే అన్నదమ్ములు, అప్పటికి ఇద్దరూ కొత్తవాళ్ళే. ఇద్దరూ కలిసి ఒక ఇంట్లో దొంగతనం చేస్తారు. (కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి.) ఆ ఇల్లు ఎవరిదో కాదు, ఆంథోనీ వాళ్ళదే. సొంత ఇంటికే కన్నం! ఇది తెలిసినప్పుడు బాబాయ్ పెద్దగా నవ్వాడు, వెంటనే ఆపి, “పాపం రా వీళ్ళు, బయట దొంగతనం చేసే ధైర్యం లేదు” అన్నాడు. అక్కడి నుంచి ఆయన వాళ్ళని దొంగల్లా చూడనే లేదు, చెడు తిరుగుళ్ళు తిరిగే మేనల్లుళ్ళని చూసినట్టు చూశాడు. తర్వాత తుపాకీ, బాబ్ అనే మూడోవాడు, పుస్తకాల షాపు దోచే ప్లాన్. షాపు దోచుకోవాలంటే వీళ్ళకి తట్టింది పుస్తకాల షాపు!

ఇందులో నాకు ప్రాణంలా నచ్చింది ఒక్కటే. మన షార్ట్ ఫిలిముల్లో దొంగ ఉంటే వాడికి స్లో మోషన్ నడకా, మోత మోగే మ్యూజిక్కూ పెట్టి హీరోని చేసేస్తాం, లేదంటే వాడి తెలివితక్కువతనాన్ని పట్టుకుని నిమిషానికోసారి జోకు వేస్తాం. ఇక్కడ డైరెక్టరు ఆ రెండూ చెయ్యడు. డిగ్నన్ ప్లాన్ చెప్తుంటే అది ఎంత పిచ్చి ప్లాన్ అయినా వాడు దాన్ని ఎంతగా నమ్ముతున్నాడో మనకి అర్థమవుతుంది, వాడి కంగారూ వాడి పెద్దరికమూ చూస్తుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే మనసు చివుక్కుమంటుంది. వాడికి కావలసింది డబ్బు కాదని నాకనిపించింది. స్నేహితులు తనతో ఉండాలి, తన మాట వినాలి, అంతే. అందుకు దొంగతనం ఒక సాకు.

షాటు ఎంతసేపు నిలిచిందో మోకాలి మీద వేలితో తడుతూ లెక్కపెట్టడం బాబాయ్‌కి పాత అలవాటు. ఫిలిం అయ్యాక ఆ వేలితోనే నాకు లెక్క చెప్పాడు. ఇది 16 ఎంఎం (16 మిల్లీమీటర్ల వెడల్పు ఫిలిం రీలు) మీద తీసింది. 16 ఎంఎం నిమిషానికి 36 అడుగులు తింటుంది, 400 అడుగుల రోలు 11 నిమిషాలకి అయిపోతుంది. అంటే ఒక్క రీటేకు లేకుండా తీసినా 13 నిమిషాలకి రెండో రోలు విప్పాల్సిందే, పైగా కడగడం, ప్రింటు అన్నీ ఖర్చే. “ఫోన్లో తీసేవాళ్ళకి ఈ భయం తెలీదురా, కెమెరా తిరుగుతుంటే చెవిలో డబ్బులు రాలుతున్నట్టు ఉండేది మాకు” అన్నాడు. ఆ భయంలో కూడా వీళ్ళు ఇద్దరు మనుషులు ఊరికే మాట్లాడుకోవడానికి అంత ఫిలిం ఖర్చు పెట్టారు. వడపళని, వలసరవాక్కం వైపు ఇప్పటికీ షార్ట్ ఫిలిములు తీస్తున్న మన కుర్రాళ్ళు ఈ ఒక్క సంగతి కోసమైనా దీన్ని చూడాలి. డ్రోన్ అద్దెకి తెచ్చే ముందు ఇద్దరు మనుషుల మధ్య మాట ఎలా నడుస్తుందో చూడండి, దయచేసి.

లోపాలు లేవని కాదు. మాట అక్కడక్కడా పల్చగా వినిపిస్తుంది, టెక్సస్ యాస కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోకపోతే మనకి సగం జారిపోతుంది. కథ కూడా మధ్యలో మొదలై మధ్యలోనే ఆగినట్టుంటుంది, ఇంకో పది నిమిషాలు ఉంటే బాగుండు అనిపించింది. వెనక వచ్చే జాజ్ మ్యూజిక్ మాత్రం ఎంత హాయిగా ఉందో.

1993లో అమెరికాలో జరిగే సండాన్స్ ఫిలిం ఫెస్టివల్‌లో దీన్ని వేశారు. రచయిత కిట్ కార్సన్, నిర్మాత పాలీ ప్లాట్‌ల ద్వారా ఇది నిర్మాత జేమ్స్ ఎల్. బ్రూక్స్ దాకా వెళ్ళింది, అలా పెద్ద సినిమా పుట్టింది. థియేటర్లలో అది ఆడలేదు. అయినా తర్వాత పెద్ద డైరెక్టర్ మార్టిన్ స్కోర్సేసీ తొంభైల్లో తనకి నచ్చిన సినిమాల్లో దాని పేరు చెప్పాడు. ఆండర్సన్‌కి మొదటి ఆస్కార్ 2024లో వచ్చింది, అదీ ఇంకో షార్ట్ ఫిలింకే.

పెద్ద సినిమాలో నాకు బాగా ఇష్టమైనది కమ్మల గొడవ. ఇల్లు దోచాక డిగ్నన్ కమ్మలు కూడా తెచ్చేశాడని ఆంథోనీకి తెలుస్తుంది. అవి తను అమ్మకి పుట్టినరోజుకి కొనిచ్చినవి. ఆ కుర్రాడి మొహంలో బాధ చూడాలి! రంగులు, ప్రేమకథ, నటుడు జేమ్స్ కాన్, డిగ్నన్ నోటుబుక్‌లో రాసుకున్న 75 ఏళ్ళ ప్లాన్, ఇవన్నీ అందులో ఉన్నాయి, నిండైన సినిమా అదే. కానీ డిస్క్ దొరికితే ముందు ఎక్స్‌ట్రాల్లోకి వెళ్ళి ఈ 13 నిమిషాలు చూసేయండి, పెద్ద సినిమా మర్నాటికి పెట్టుకోండి. కొనే ముందు మీ ప్లేయర్ రీజియన్ ఏ ఆడుతుందో లేదో కనుక్కోండి. మా డిస్క్ ఇంకా బాబాయ్ దగ్గరే ఉంది, ఇంకోసారి చూసి ఇస్తానన్నాడు.