ఆరేళ్లుగా ఎయిర్ పిస్టల్ సిలిండర్ నింపుతున్నా: ఏ అడాప్టర్ నిలిచింది, ఏది చెత్తబుట్టకెళ్లింది

ముందే చెప్పేస్తున్నా, నేను షూటర్ని కాదు. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొడుతుంది, దానికి బిగించే చిన్న సిలిండర్లో నేను గాలి కొడతాను. 2019 నుంచి వారానికి రెండు మూడుసార్లు ఇదే పని. మొదట్లో హ్యాండ్ పంపు కొన్నాం, సైకిల్ పంపులాగే ఉంటుంది కానీ లోపలి ఒత్తిడి 150 బార్లు దాటాక ఒంటి బరువంతా వేసినా దిగదు, పైగా హైదరాబాద్ వానాకాలంలో గాలితోపాటు తేమ కూడా లోపలికి పోతుంది. నాలుగు నెలలకే నడుం పట్టేసి దాన్ని అటకెక్కించి, అగ్నిమాపక సిబ్బంది వీపుకు తగిలించుకునే రకం 6 లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్ కొన్నా. 300 బార్లది. కారు టైర్లో ఉండేది రెండు బార్ల చిల్లరే అని గుర్తుంచుకుంటే ఇది ఎంత ఒత్తిడో తెలుస్తుంది.

సిలిండర్ ఎంచుకోవడం తేలికే. దాన్నుంచి పిస్టల్ సిలిండర్లోకి గాలి మళ్లించే ఆ అరచేతిలో పట్టే ఇత్తడి, స్టీలు ముక్కలే నన్ను ఏడిపించాయి.

పెద్ద సిలిండర్ వైపు తగిలేది డిన్ (జర్మన్ ప్రమాణం) అడాప్టర్. ఇందులో 200 బార్లది, 300 బార్లది అని రెండున్నాయి. రెండింటి మరా ఒకటే, జీ 5/8 అనే కొలత. ఫోటోలో చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. తేడా పొడవులో ఉంది: చిన్నదానికి 5 చుట్లు, పెద్దదానికి 7. నేను చవగ్గా వస్తోందని 200 బార్లది తెప్పించా. మా 300 బార్ల వాల్వులో చక్కగా తిరిగింది, చివరిదాకా బిగిసింది, వాల్వు తిప్పగానే బుస్సుమని గాలంతా బయటికే. ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) పాడైందనుకుని రెండు మార్చా. అసలు సంగతేంటంటే 300 బార్ల వాల్వు గుంత లోతుగా ఉంటుంది, పొట్టి అడాప్టర్ మూతి అడుగున ఆనదు. కావాలనే అలా చేశారు, తక్కువ ఒత్తిడి సామాను ఎక్కువ ఒత్తిడికి తగిలించకుండా. 300 బార్ల అడాప్టర్ మాత్రం రెండు రకాల వాల్వులకూ పడుతుంది, కాబట్టి కొంటే అదే కొనండి. డైవింగ్ వాళ్ల దగ్గర కనిపించే ఏ-క్లాంప్ రకం (మర లేకుండా వాల్వు చుట్టూ పట్టులా బిగించేది) 232 బార్లకే పరిమితం, నేను దాని జోలికి పోలేదు.

ఇక పిస్టల్ వైపు. ఇక్కడే ప్రాణం మీదికి వచ్చింది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టైర్, మొరీనీ, ఈ పిస్టల్ కంపెనీల్లో ఎవరి సిలిండర్‌కి వాళ్ల అడాప్టర్ తీసుకోవడమే మేలు. నేను "అన్నిటికీ పనికొస్తుంది" అన్న మాట నమ్మి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర పేరూ ఊరూ లేని ముక్క కొన్నా. మా గొట్టం చివర ఉన్నది 1/8 బీఎస్‌పీ మర (అంగుళాల లెక్క పైపు మర), ఆ ముక్కలో ఉన్నది ఎం10 మర (మిల్లీమీటర్ల లెక్కది). మొదటిది 9.73 మిల్లీమీటర్లు, రెండోది 10. అంటే సన్నది లావుదాంట్లో దూరిపోతుంది! నాలుగు చుట్లు తిరిగి ఆగింది, కాస్త ఊగుతోంది కూడా. "బావా, పానాతో ఇంకో పట్టు పడితే సరి" అన్నాడు మా బావమరిది. పట్టాం. అడుగున వాషర్ ఉంది కాబట్టి గాలి కూడా కారలేదు. 140 బార్ల దగ్గర ఫట్‌మని ఊడి, గొట్టం పాములా ఎగిరి బీరువా తలుపుకు సొట్ట పెట్టింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, మా ఆవిడ మార్చనివ్వడం లేదు, చూసినప్పుడల్లా బుద్ధి రావాలట. తర్వాత కూర్చుని లెక్కేశా: అంత చిన్న మూతి మీద కూడా 200 బార్ల దగ్గర 130 కిలోలకు పైనే తోపుడు పడుతుంది, దాన్ని నాలుగు అరకొర చుట్లు ఎలా ఆపుతాయి? ఇప్పుడు నా దగ్గర వెర్నియర్ (మందం కొలిచే పరికరం), మర కొలిచే గేజీ ఉన్నాయి, రెండూ కలిపినా ఒక మంచి అడాప్టర్ ఖరీదు కావు. చేత్తో సులువుగా, ఊగకుండా చివరిదాకా తిరగని జాయింటు ఏదైనా సరే నేను ఒత్తిడి పెట్టను.

బాలానగర్‌లో ఒక లేత్ మెషీన్ ఆయన "డ్రాయింగ్ ఇవ్వండి సార్, సాయంత్రానికి చేసిస్తా" అన్నాడు, చేసిచ్చాడు కూడా, బంగారంలా మెరిసిపోయింది. కానీ ఆ ఇత్తడి ఏ రకమో ఆయనకే తెలియదు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నా.

గొట్టం విషయంలో చాలామంది లావుదే గట్టిదనుకుంటారు. నేనూ అనుకున్నా. లోపలి రంధ్రం 5 మిల్లీమీటర్లున్న మీటరు గొట్టంలో 200 బార్ల దగ్గర దాదాపు 4 లీటర్ల గాలి పడుతుంది, నింపడం అయ్యాక అదంతా బయటికి వదిలేయాల్సిందే. పిస్టల్ సిలిండర్‌కి ఒకసారికి పట్టేదే 8, 10 లీటర్లు! 2 మిల్లీమీటర్ల సన్న గొట్టంలో పోయేది అర లీటరు పైచిలుకు. అది మార్చాక పెద్ద సిలిండర్ ఎక్కువ రోజులు వస్తోంది: 300 నుంచి 200కి దిగేలోపు కాగితం మీద 60 సార్లు, నాకు వాస్తవంగా 50 దాకా.

ఆ వదిలేయడానికి బ్లీడ్ స్క్రూ ఉండాలి. లేని అడాప్టర్ ఉచితంగా ఇచ్చినా వద్దు. గాలి వదలకుండా సిలిండర్ విప్పబోతే చేత్తో తిరగదు, పానాతో తిప్పారంటే మళ్లీ మా బీరువా కథే.

ఒత్తిడి చూపించే గేజీని కూడా గుడ్డిగా నమ్మకండి. మా మొదటిది 200 చూపిస్తుంటే షూటింగ్ రేంజ్‌లో ఉన్న గేజీకి పెట్టి చూస్తే 180. అది అటు కాబట్టి సరిపోయింది, ఇటు అయ్యుంటే 200 బార్ల సిలిండర్లోకి 220 ఎక్కించేవాణ్ణి. పెద్ద సిలిండర్లో 300 ఉన్నప్పుడు మధ్యలో ఆపేది మన కన్నూ చెయ్యే. వాల్వు కొంచెం కొంచెంగా తిప్పుతా, నిమిషం పైనే తీసుకుంటా. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కి 200 చూపిస్తుంది, చల్లారాక పది పదిహేను బార్లు పడిపోతుంది, అమ్మాయి "నాన్నా, నింపలేదా?" అంటుంది. పిస్టల్ సిలిండర్ మీద ముద్రించిన తేదీ కూడా చూడండి, గడువు లోపల ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం షూటర్‌దే.

అరిగేది ఓ-రింగ్ ఒక్కటే. షోర్ కొలతలో (రబ్బరు గట్టిదనం లెక్క) 70 గట్టిదనం ఉన్న మామూలువి నాకు రెండు నెలలకు పెచ్చులూడాయి, 90వి ఏడాది పైన వస్తున్నాయి. రాణీగంజ్‌లో దొరుకుతాయి, డజను తెచ్చి డబ్బాలో వేసుకోండి. లీకు అనుమానం వస్తే సర్ఫ్ నీళ్లు బ్రష్‌తో రాస్తే బుడగలు వస్తాయి.

చాలామంది అడిగే ప్రశ్న, ఆక్సిజన్ సిలిండర్ తేలిగ్గా దొరుకుతుంది కదా, దాంతో నింపితే? వద్దు. అడాప్టర్ తగిలినా వద్దు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కి కాస్త జిడ్డు తగిలినా అంటుకుంటుంది. మామూలు గాలికి కూడా నూనె పనికిరాదు, సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ వేలికి అంటీ అంటనట్టు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పోయినేడు ఇంకో పాప వాళ్ల నాన్నగారు నా అడాప్టర్ రెండు రోజులకని తీసుకెళ్లారు. మంచి మనిషి, బిగుతుగా ఉందని కుట్టుమిషన్ నూనె రాసి మరీ తిరిగిచ్చారు. "స్మూత్‌గా అయిపోయింది చూడండి" అని సంతోషం ఒకటి. ఆ రాత్రి మొత్తం విప్పి, కడిగి, ఓ-రింగులన్నీ మార్చేసరికి పన్నెండయింది. ఇప్పుడు ఎవరడిగినా అడాప్టర్ ఇవ్వడం లేదు. వాళ్లింటికి నేనే వెళ్లి, నింపి, కాఫీ తాగి వస్తున్నా.