సుగంధి పాలా, మారెడు గడ్డా: ఇంట్లో పెంచడానికి ఏది మేలు?

మార్చి దాటిందంటే కడపలో నన్నారి షర్బత్ బండ్లకు తీరిక ఉండదు. ఆ గ్లాసులోని వాసన సుగంధి పాల వేరుదైనా కావచ్చు, మారెడు గడ్డదైనా కావచ్చు. రెండూ అడవి తీగలే. తుంచితే పాలు కారతాయి, ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి బతుకుతాయి. రెండింటికీ ఆ పరిమళం ఇచ్చే పదార్థం కూడా ఒకటే, వెనిలాలో ఉండే వెనిలిన్‌కు దగ్గరి చుట్టం.

గడ్డ కోసమైతే మారెడే గొప్ప. శేషాచలం, నల్లమల కొండల్లో రాళ్ల సందుల్లో పెరిగే ఈ తీగకు వేలు లావున కండగల వేర్లు గుత్తిగా ఊరతాయి. చిన్న ముక్క నమిలితే నాలుక జివ్వుమంటుంది. షర్బత్‌కు కొంచెం వేసినా సరిపోతుంది. ఇక ఊరగాయ పెట్టాలంటే మారెడు తప్ప వేరే దారి లేదు, సుగంధి పాల వేరులో కండే ఉండదు.

అయినా ఇంటికి నా ఓటు సుగంధి పాలకే. మారెడు గడ్డలు ఊరడానికి ఏళ్లు పడుతుంది, దానికి చోటూ ఎక్కువ కావాలి. పైగా అడవిలో మొత్తం తవ్వేయడం వల్ల ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాకెక్కింది. ఒక్క సీజన్ షర్బత్ కోసం పాత తీగను మొదలంటా పీకేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పొలం గట్టున రాతి నేల ఉన్నవాళ్లు నర్సరీ మొక్క తెచ్చి మారెడు నాటితే నిజంగా మంచి పని చేసినట్టే.

సుగంధి పాలకు మిద్దె మీద లోతైన తొట్టి చాలు. ఎర్రమట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలపాలి, నీళ్లు నిలవకూడదు. వేరు ముక్క నాటినా మొలుస్తుంది. మొదటి వేసవిలో మాత్రం మధ్యాహ్నం నీడ పడేలా చూడాలి, కడప ఎండ లేతతీగను మాడ్చేస్తుంది. వేర్లు ముదిరాక పక్కవాటినే తీసుకుని మొదలును వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది.

కొనేటప్పుడు ఆకును మాత్రమే నమ్మొద్దు. సన్నటి ఆకు మధ్య ఈనె వెంట తెల్లచార ఉండటం గుర్తే గానీ, అన్ని మొక్కలకూ ఉండదు. ఇలాంటివే వేరే పాలతీగలున్నాయి, కొన్ని విషం కూడా. వేరు బెరడు గోటితో గీరండి. నన్నారి వాసన రాకపోతే ఆ మొక్క వద్దు.

షర్బత్‌కు వేరును దంచి, లోపలి కట్టె తీసి పారేయండి. పరిమళమంతా బెరడులోనే. దాన్ని వేడినీళ్లలో వేసి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. గంటలకొద్దీ మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. చక్కెర పాకం వేరుగా పట్టి, చల్లారాక ఈ నీళ్లు వడగట్టి కలపండి. నిమ్మరసం తాగే ముందే పిండుకోవాలి.