కామన్ గోడ ఇల్లా, ఇండిపెండెంట్ ఇల్లా: పక్కింటి చప్పుడు దగ్గర ఏది మేలు?

నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు గానీ, మహబూబ్‌నగర్‌లో భూత్పూర్ రోడ్డు వైపు గానీ కొత్త ఇండ్లు చూడబోతే రెండు రకాలు ఎదురవుతాయి. ఒకే ప్లాటును రెండు ముక్కలు చేసి, మధ్యలో ఒక్క గోడ లేపి అటొకటి ఇటొకటి కట్టినవి కొన్ని. చుట్టూ సందు వదిలి విడిగా కట్టినవి కొన్ని. విడి ఇల్లు అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట "ఇండిపెండెంట్ సార్, ఎవరి గోలా మీకు వినబడదు" అని. ఆ మాటను సగానికే నమ్మాలి.

పక్కింటి చప్పుడు మన ఇంట్లోకి రెండు దారుల్లో వస్తుంది. మాటలు, టీవీ, కుక్క అరుపు గాలిలో వస్తాయి. కిటికీయో వెంటిలేటరో తెరిచి ఉంటే చాలు. రోట్లో దంచడం, గోడకు డ్రిల్లింగ్, మోటరు గురగుర మాత్రం గోడ, బీము, స్లాబ్ పట్టుకుని వస్తాయి. కామన్ గోడ ఇంట్లో ఎక్కువ బాధ ఈ రెండో రకంతో. విడి ఇంట్లో మొదటి రకంతో.

ముందు గోడ సంగతి. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ దాకా ఆపుతుంది. మామూలు మాట దగ్గర నిలబడి వింటేనే 60 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి, అంత గోడ దాటి వచ్చేసరికి ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. నాలుగున్నర అంగుళాల గోడ అయితే ఆపేది అయిదారు డెసిబెల్స్ తగ్గుతుంది. కాగితం మీద చిన్న తేడానే గానీ, రాత్రి ఊరు సద్దుమణిగాక పక్కింట్లో ఎవరో గొంతు పెంచితే ఆ తేడా ఏంటో తెలుస్తుంది. బరువు తక్కువగా ఉండే ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే సిమెంటు ఇటుకలు) కట్టినా అంతే. చప్పుడును ఆపేది గోడ బరువే. వేడికి ఆ బ్లాకులు మంచివే, అది వేరే లెక్క.

పాత ఊళ్లో అన్నదమ్ములు పంచుకున్న ఇండ్లు ఇంకో కథ. నడుమ హాలును రెండుగా చేయడానికి తర్వాత పెట్టిన గోడ చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలదే. కొన్నిచోట్ల అది పైకప్పు దాకా పోదు, అటక దగ్గర ఆగిపోతుంది. అలాంటి ఇల్లు కొనేటప్పుడు అటక మీదికి టార్చ్ వేసి చూడండి. వెలుతురు అవతలికి పోయిందంటే మీ ఇంట్లో ముచ్చట్లూ పోతాయి. కొత్త ఇండ్లలో చూడాల్సింది స్విచ్ బోర్డులు. గోడకు ఇవతల మన బోర్డు, సరిగ్గా దాని వెనకే అవతలి వాళ్ల బోర్డు పెడితే, ఆ రెండు డబ్బాల మధ్య గోడ బాగా పలచబడుతుంది. ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పి రెండింటినీ రెండడుగులు పక్కకు జరిపిస్తే పైసా ఖర్చు లేదు.

ఇక విడి ఇల్లు. 150 గజాల ప్లాటు, ముఖం 30 అడుగులు అనుకుందాం. రెండు పక్కలా మూడేసి అడుగులు వదిలితే ఇంటికి మిగిలేది 24 అడుగులు. పక్కవాళ్లు కూడా మూడు వదిలితే రెండిళ్ల మధ్య ఆరడుగులు. చాలామంది హద్దు దాకా కట్టేస్తారు కాబట్టి చివరికి మిగిలేది మన మూడడుగులే. ఆ సందులోకే మన పడకగది కిటికీ, వాళ్ల వంటింటి కిటికీ, రెండు బాత్రూం వెంటిలేటర్లు, కూలర్ తెరుచుకుంటాయి. పొద్దుగాల అయిదింటికి ఆ సందులో నల్లా కింద బోళ్లు తోముతుంటే చప్పుడు రెండు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ నేరుగా దిండు దగ్గరికి వస్తుంది. తెరిచిన కిటికీ ఆపేది పది, పదిహేను డెసిబెల్స్ అంతే. అందుకే నా లెక్కలో, కిటికీకి ఎదురుగా కిటికీ ఉన్న మూడడుగుల సందు కన్నా కిటికీలు లేని తొమ్మిది అంగుళాల కామన్ గోడే మాటల చప్పుడుకు మేలు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మార్చి నుంచి జూన్ దాకా కిటికీలు తెరిచి పడుకునే మన దగ్గర ఇది ప్రతి రాత్రీ ఎదురయ్యే సంగతి.

మోటర్ల దగ్గరికి వస్తే మాత్రం విడి ఇల్లే నెగ్గుతుంది. బోరులోపల మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ పెద్దగా వినబడదు. సంపు మీద పెట్టే మోటరుతోనే గొడవ. దాన్ని కామన్ గోడ పక్క గచ్చు మీద బిగించి, పైపును అదే గోడకు క్లాంపులు కొట్టి ట్యాంకు దాకా తీసుకుపోతే, నల్లా నీళ్లు వచ్చే పూటల్లా గోడంతా గుయ్యిమంటుంది. మోటరు కింద మందపాటి రబ్బరు షీటు, పైపు మధ్యలో జానెడు రబ్బరు గొట్టం వేస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ మోటరు పక్కవాళ్లది. వాళ్లు సరేననాలి. కామన్ గోడ ఇంట్లో అసలు టెన్షన్ ఇదే: మందు మనకు తెలిసినా, వేయాల్సింది అవతలి ఇంట్లో. విడి ఇంట్లో కనీసం మన కిటికీ మన చేతిలో ఉంటుంది. రబ్బరు అంచున్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ పెట్టుకుని, ఏసీ వేసుకుని మూసుకుంటే మాటలు, బోళ్లు, కూలర్ అన్నీ వెనక్కి పోతాయి. కరెంటు బిల్లు మాత్రం ముందుకొస్తుంది.

వినాయక చవితి డీజేకు ఈ రెండిళ్ల తేడా తెలియదు. ఆ దడదడ ఎంత గోడనైనా దాటుతుంది. 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. పండుగలకు ఏడాదికి 15 రోజుల్లోపు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. హద్దు దాటితే 112కు ఫోన్ చేయొచ్చు. పక్కింటి మిక్సీ మీద పోలీసులకు చెప్పేవాళ్లు మాత్రం ఉండరు, ఉండకూడదు కూడా.

నన్ను అడిగితే, 200 గజాలకు తక్కువ కాకుండా స్థలం ఉండి, పడకగదులను రోడ్డు వైపుకో వెనక పెరడు వైపుకో తిప్పుకోగలిగితే విడి ఇల్లే తీసుకోండి. వంద, నూటపాతిక గజాల దగ్గరే బడ్జెట్ ఆగిపోతే, మూడడుగుల సందు కోసం గదులు ఇరుకు చేసుకోవడం కన్నా మంచి కామన్ గోడ ఇల్లే నయం. అయితే ఆ గోడకు రెండు వైపులా ఏ గదులున్నాయో చూసే అడ్వాన్స్ ఇవ్వాలి. మెట్లకు మెట్లు, బాత్రూంకు బాత్రూం ఆనుకుంటే ఫరవాలేదు. వాళ్ల మెట్లు మన మంచం తలవైపు గోడకు ఆనుకుంటే, మేడ మీద అద్దెకు దిగినవాళ్లు రాత్రి ఏ టైంకు ఇంటికొచ్చారో మీరే చెప్పగలుగుతారు.

ఇల్లు చూడడానికి పగలు పన్నెండింటికి పోతే ఏమీ తెలియదు. రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి పోండి. పక్కింట్లో ఇంకా ఎవరూ దిగకపోతే, తాళం తీయించి గోడ అవతల గదిలో ఫోన్లో పాట పెట్టి, తలుపులు మూసి ఇవతలికి వచ్చి వినండి. ఇంకొకరిని అక్కడే ఉంచి వాళ్ల వంటగట్టు మీద వెల్లుల్లి దంచమనండి. పాట వినబడక దంపుడు వినబడితే గోడ మంచిదే, గట్టు ఎక్కడో గోడను పట్టుకుని ఉందని అర్థం. వంటగట్టును గోడలోకి దూర్చకుండా కాళ్ల మీద నిలబెట్టమని కొత్తగా కట్టే ఇంట్లో మేస్త్రికి చెప్పొచ్చు.

చివరగా దస్తావేజు. అది ఉమ్మడి గోడ అని హద్దుల్లో రాయించండి. ఎవరైనా దానికి రంధ్రం వేయాలన్నా, దాని మీద పై అంతస్తు లేపాలన్నా, పాతది కూల్చి కట్టాలన్నా రెండోవారి ఒప్పుకోలు ఉండాలని విడిగా ఒక కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే మంచిది. పక్కవాళ్లు ఇల్లు అమ్మేటప్పుడు ఆ కాగితాన్ని కొత్తగా కొనేవాళ్లతో కూడా ఒప్పించుకోవాలి.